పడుకున్న రాజు కాళ్ళకి దణ్ణం

“తాతా, రేపు ఇంగ్లీషు పరీక్ష. రాజుని చంపి తనే రాజైన సేనాపతి కథ. అత్యాశ మనిషిని ఎలా చెడగొడుతుందో రాయాలంట. నువ్వు ఆ వేషం వేశావు కదా, బతావో నా, చెప్పవా!”

ఏటే, ఆశ చెడ్డదని రాయమన్నారా? ఆ మాట కడుపు నిండినోడు చెప్తాడే. ఆశే లేకపోతే మీ తాత ఇంకా ఆ జాముల్ ఊరి ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు మోస్తుండేవాడు. నువ్వు ఈ సెక్టర్ ఏడు క్వార్టర్లో ఫ్యాను కింద కూర్చుని నన్ను పరీక్ష చేసేదానివి కాదు. రాసుకో. కాదు కాదు, ఇప్పుడే రాయకు, ముందు విను.

ఆ వేషం వేసేనాటికి ఉక్కు ప్లాంటులో పర్మనెంటయ్యాను. కింద నిలబడి క్రేనుకి చేత్తో సైగలిచ్చే పని. పైన క్రేను నడిపేది మా బావ, మీ నాయనమ్మకి సొంత అన్న. చీపురుపల్లిలో నన్ను రైలెక్కించి ఈ హిందీ ఊరికి తీసుకొచ్చి, తన కంచంలో తిండి పెట్టినోడు. నేనేమో క్రేను టెస్టు పాసై కూర్చున్నాను. సీటు ఖాళీ అవాలి కదా మరి.

ఇంతలో ఒకటి కనిపెట్టాను. చెయ్యెత్తి ఆపమంటే బావ ఆపట్లేదు. ఈలేస్తే ఆపుతున్నాడు. కళ్ళు మసకలొచ్చేశాయి, పైకి చెప్పట్లేదు. అది ఏటి మోసే క్రేననుకున్నావు? కరిగిన ఉక్కు. కింద మనుషులు. చెప్పకపోతే ఎవడో ఒకడు మాడిపోతాడు. చెప్తే బావ దిగుతాడు, నేను ఎక్కుతాను. చూశావా, ధర్మమూ అటే, నా ఆశా అటే! ఇంజనీరు సాబ్ చెవిలో వేసేద్దాం, బావకి తెలీదులే అనుకున్నాను. కథలో పెళ్ళాం ఎగదోస్తుందంట కదా, మన ఇంట్లో ఆవిడకంత ఓపికెక్కడిది? ఆవిడైతే పకోడీలు పెట్టి పెట్టి చంపుతాది రాజుని. వింటందిలే, విననీ.

అదే వారంలో మా తెలుగోళ్ళ నాటకం. సేనాపతి నేను, రాజు బావ. రాజు మా ఇంటికి చుట్టంగా వచ్చి పడుకుంటాడు, నేను కత్తి పట్టుకెళ్ళాలి. వెళ్ళాను. మా వైపు ఏ పెద్ద పని మొదలెట్టినా ఇంటి పెద్ద కాళ్ళకి దణ్ణం పెడతాం కదా. అలవాటు చొప్పున చేతులెళ్ళి బావ కాళ్ళ మీద పడ్డాయి. పడుకున్నోళ్ళకి దణ్ణం పెట్టకూడదే, శవానికే అలా పెడతారు. అంతే, చావవలసిన రాజు దిగ్గున లేచి కూర్చున్నాడు.

“ఏట్రా, అప్పుడే పోయాననుకున్నావా?”

జనం పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కత్తి అట్టముక్కే గానీ, ఆ మాట మాత్రం ఎక్కడో దిగింది. తెర దించగానే అక్కడే చెప్పేశాను.

“బావా, నీకు కళ్ళు కనపడట్లేదు. సాబ్‌కి నువ్వే చెప్పు. చెప్పకపోతే రేపు నీ ఎదుటే నేను చెప్తాను. నీ సీటు నాకు కావాలి, అదీ నిజమే.”

“నా కంచంలో తిన్నావురా,” అన్నాడు. కిరీటం తీసి నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు తనే చెప్పుకున్నాడు. స్టోరులో వేశారు తనని. క్రేను నాకిచ్చారు. మరోదా బస్తీలో మన తెలుగోళ్ళంతా బావని మింగేశానన్నారు. మీ నాయనమ్మ కంచం విసురుగా పెట్టేది, కూరలో ఉప్పు... సర్లే. బావ మాత్రం మా గుమ్మం తొక్కలేదు.

అయినా నిద్ర పట్టిందే నాకు. కథలో వాడికి పట్టలేదు కదా? ఆశ ఇద్దరిదీ ఒకటే. వాడు పడుకున్నోణ్ణి పొడిచాడు, నేను లేపి అడిగాను. అదీ తేడా. ఇప్పుడు మనముండే ఈ చోటు కొత్త రాష్ట్రమైంది, కొత్త కుర్చీలొచ్చాయి. ఎవర్ని చూడు, పక్కోడు ఎప్పుడు కన్ను మూస్తాడా అని కాచుకునే ఉన్నారు. లేపి అడిగేవాడు ఒక్కడు కనపడితే నాకు చూపించు.

బావ మళ్ళీ వచ్చాడా అంటావా? వచ్చాడే, కొన్నేళ్ళకి. అప్పట్లో కంట్లో పొర ముదిరితేగానీ కొయ్యం అనేవారు డాక్టర్లు. ఆపరేషనై, కట్టు విప్పాక ఒక పొద్దున్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏట్రా, ఇంత ముసిలోడివైపోయావేటి?”

చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

సర్లే, చదువుకో తల్లీ. పెద్దదే ఆశపడు. పక్క పిల్ల కూడా చప్పట్లు కొట్టేలా ఫస్టు రా. చల్లగా ఉండు... ఇంతకీ అన్నం తిన్నావా, లేదా?