ఎరుకమ్మ గంపలో వైజాగ్ స్టేషన్

ఏటీ, ఆ ఫోన్లో వైజాగ్ రేడియో వస్తందా? గురగుర కూడా లేదే! అరే, ఏ మూల నిలబడినా వస్తదా రామలక్ష్మీ? మా ఎరుకమ్మప్ప ఉంటే నమ్మేది కాదు. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. నాను ఈ దీవుల్లోకొచ్చి, ఫీనిక్స్ బే జెట్టీలో ఖలాసీగా చేరిన కొత్త. అప్ప జెట్టీ బయట చేపలమ్మేది. చదువు లేదు, ఉత్తరం వస్తే నాకే ఇచ్చేది. ఓరోజు వాళ్ళ తమ్ముడు రాముడు రాశాడు. మా తప్పెటగుళ్ళ జట్టు వైజాగ్ రేడియోలో ఆడతంది, ఫలానా గురువారం సాయంత్రం ఇనుకో అని. ఉత్తరాలు తెచ్చే ఓడ ఎనిమిది రోజులు లేటు కదా, ఆ గురువారం అప్పటికే అయిపోయింది. తలెత్తి చూస్తే అప్ప గంప దింపేసి, నోరు తెరుచుకుని నా మొహంలోకే చూస్తంది. పదేళ్ళయింది తమ్ముడి గొంతు విని. "వచ్చే గురువారం అప్పా" అనేశాను. బస్, అంతే, నోరు జారిపోయింది.

ఇంక చూడు! ఓడ వంటవాడి దగ్గర పాత రేడియో కొంది. మనకి ఐదింటికే పొద్దు గుంకుతుందా, చీకటి పడితే గాని వైజాగ్ తగిలేది కాదు. రేడియో గంపలో పెట్టి, గంప నెత్తిన పెట్టి ఊరంతా తిరిగింది. జెట్టీ కాడ ఇంజిన్ల మోత. బజార్లో రంగూను స్టేషనే తగిలేది. "క్యా దీదీ, మచ్ఛీ గానా గా రహీ హై?" అని కుర్రోళ్ళు ఏడిపించేవారు. "అవున్రా, ఈ చేపలే నీ పెళ్ళికీ పాడతాయి" అనేది. తెలుగు వినబడ్డ చోటల్లా తమలపాకు సున్నం తీసి రాయి మీద బొట్టు పెట్టేది. చివరికి లంబాలైన్ కొండవాలులో ఓ రాయికి మూడు బొట్లు పడ్డాయి.

గురువారం ఇద్దరం ఆ రాయి మీద కూచున్నాం. వచ్చింది, శుభ్రంగా వచ్చింది. ఏటి వచ్చింది? వరికి దోమపోటు! ఎవరో మన శ్రీకాకుళం రైతు, ఏ మందు ఎంత కలపాలో చెప్తన్నాడు. అప్ప చెంపకి చెయ్యేసుకుని చివరిదాకా ఇంది. "రాముడు రాలేదేటి సత్తిబావూ?" "ప్రోగ్రాం మార్చేసుంటారప్పా." "మారిస్తే మార్చారు. వచ్చే గురువారం చూద్దాం" అంది.

మతలబ్ ఏటంటే, అలా ప్రతి గురువారం పదకొండేళ్ళు చూసింది. నానూ పక్కనే కూచున్నాను, చెప్పలేకపోయాను. సిప్పీఘాట్ తోటవాళ్ళకి చేపలమ్ముతూ దోమపోటుకి మందు కూడా చెప్పేది, వాళ్ళు తెల్లబోయేవారు. ఆ ఉత్తరం మట్టుకు తమలపాకుల సంచిలోనే ఉండేది. మళ్ళీ నాచేత చదివించలేదు. ఇంకెవరిచేతనైనా చదివించిందా? తెలిసే వచ్చి కూచునేదా? ఇప్పటికీ అదే ఆలోచన నాకు... ఇవాళ ఏ వారం? గురువారమా?

కొంచెం సౌండు పెంచమ్మా.