తడి మీద తూకం

మహబూబాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రి. ఆపరేషన్ గది బయట వడ్ల వ్యాపారి సోమేశ్వర్, అతని భార్య వనమాల, నర్సు కల్పన. వాళ్ల నాలుగేళ్ల కూతురు నవ్యకు చెవి వెనుక చిన్న గడ్డ తీయాలి.

"పదిహేను కిలోలు."

"జర మళ్ల జోకు కల్పనా. మా నవ్య పదమూడే."

"రెండుసార్లు జోకిన వనమాలక్కా. మత్తుమందు బరువును బట్టే ఇస్తరు. పదమూడని ఎవరు జెప్పిన్రు?"

"మా ఆయన. ఆపరేషన్ మంచిగ కావాలని పిల్లెత్తు బెల్లం మొక్కినం. దుకాణంల జోకి, గంతే బెల్లం మేడారంల సమ్మక్కకు పెట్టొచ్చినం. అయిదు దినాలైతున్నది. ఏమయ్యా, నువ్వే గద జోకింది?"

"పిల్లలు పెరుగుతరు."

"అయిదు దినాలల్ల రెండు కిలోలా?"

"మీ అమ్మ పూరీలు పెట్టింది గదా."

"మా అమ్మ జోలికి రాకు. కాంట మీద ఎంతొచ్చింది?"

"ఎంతొస్తది..."

"ఎంతొచ్చింది?"

"పదిహేనే."

"మరి పదమూడెందుకు జెప్పినవ్?"

"తరుగు తీసిన."

"పిల్లకు తరుగా?"

"కావాలని కాదు వనమాలా. ఇరవై ఏండ్ల అలవాటు. కాంట దిక్కు జూస్తే తీసేసిన లెక్కే నోట్లెకొస్తది. నువ్వు గూడ గప్పుడే తానం బోసి తెచ్చినవ్. తడి మీదున్నది."

"అది బిడ్డనా, వడ్ల బస్తానా?"

"అక్కా, డాక్టర్ పిలుస్తుండు. పాపనియ్యి."

"ఇయ్య. సమ్మక్కకు రెండు కిలోలు తక్కువ జేసి బిడ్డను కత్తి కిందికి పంపుతనా? ఏమయ్యా, ఎదురుంగ కిరాణం ఉన్నది. బెల్లం పట్కరాపో. ముడుపు గడ్త."

"నాయినా, నాకొక ముక్క."

"నువ్వేం తినొద్దు బిడ్డా. ఊకో."

"అక్కా, పది నిమిషాలే ఆగుతనన్నడు."

"నువ్వు ఉరుకయ్యా."

...

"ఇగో, ఉరుక్కుంట తెచ్చిన. రెండు కిలోలు."

"ఎవరు జోకిన్రు?"

"దుకాణమాయన."

"కల్పనా, గీ సంచి నీ కాంట మీద పెట్టు."

"కిలో ఎనిమిది వందలు."

"చూసినవా వనమాలా, నన్నే ముంచిండు. లోకంల నియ్యత్ లేకుంటైంది."

"ఆయనది గూడ అలవాటేమో. నీ రుమాల్ల ఒక ముక్క పెట్టుకున్నవ్, తీయి. ఇంకొకటి. ఇంకొకటి. కల్పనా, ఇప్పుడెంత?"

"రెండు కిలోలు."

"అది నవ్యకు తెచ్చిన. లేసినంక తింటదని."

"లేసినంక చూద్దాం. పో బిడ్డా, అక్క ఎంబడి పో."

"పరేషాన్ గాకు అక్కా, అరగంటల తీస్కొస్త. సోమేశ్వరన్నా, గంతసేపట్ల మా బాపుకొక ఫోన్ జేయి."

"మీ బాపెవరమ్మా?"

"పెద్దవంగర ఎల్లేశ్. పోయిన యాసంగిల నూట ఇరవై బస్తాలు నీ కాంటకే తెచ్చిండు."