తాళం వేసి ఉంది

కోర్టు రికార్డు గది. కిటికీకి లోపల ముసలి గుమాస్తా. బయట, భర్త మీద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్న ఇల్లాలు.

“మళ్ళీ చెప్తున్నానమ్మా. జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు, కాదన్లేదు. అది నీ మొగుడి చేతికి అందాలి. అందేదాకా అది ఉత్త కాయితం.”

“ఎప్పుడందుతుంది సార్?”

“మనిషి ఇంటిపట్టున ఉంటేగా! మా కోర్టు కానిస్టేబులు పాపం రెండుసార్లు వెళ్ళొచ్చాడు. రెండుసార్లూ ఒకటే మాట రాసిచ్చాడు, ‘తాళం వేసి ఉంది’ అని.”

“వేసే ఉంది సార్.”

“మరింకేం? ఊరెళ్ళుంటారు.”

“ఊరెక్కడికండీ. నేను లోపలే ఉన్నాను.”

“లోపలా? తాళం బయటుంటే...”

“ఆయనే వేసుకెళ్తున్నారు సార్ ఈమధ్య, డ్యూటీకి వెళ్తూ.”

“అయ్యో! మరి తలుపు కొట్టినప్పుడు పిలవొద్దూ?”

“ఎవరూ కొట్టలేదండీ.”

“అదేంటి? మా బావగారు అలాంటివాడు కాదే. బావగారంటే ఆ కానిస్టేబులేలే. అందరితో వరస కలిపి నవ్విస్తుంటాడు, మేమంతా అలాగే పిలుస్తాం. వెన్నలాంటి మనిషి. భోజనాల టైముకి వస్తాడుగా, నీ ఎదురుగానే అడుగుతా.”

“వద్దు సార్. ఆ... ఆ రాసిచ్చిన దాని మీద సంతకం ఎవరిది?”

“కోడి కెలికినట్టుంది, ఎవరికి తెలుసు. కింద నంబరుంది. నూట ముప్పై ఒకటి.”

“నూట ముప్పై ఒకటా?”

“ఏమ్మా? ఏమైంది? కూర్చో, కూర్చో. తెలిసినాయనా?”

“ఆ నంబరున్న చొక్కా రోజూ నేనే ఇస్త్రీ చేస్తాను సార్.”

“ఏమంటున్నావ్? మరి అర్జీలో పోలీసని రాయలేదేం?”

“రాస్తే ఎవరూ ముట్టుకోరన్నారు. గవర్నమెంటు ఉద్యోగం అని రాయించాను. కోర్టు డ్యూటీ అని నాకూ తెలీదు. ఇంట్లో ఏదీ చెప్పరు.”

“ఇన్నేళ్ళలో వాడి అసలు పేరు అడిగిన పాపాన పోలేదు నేను! నీ ఉత్తర్వు నా చేత్తో నేనే వాడికిచ్చానమ్మా. ‘ఆ వెధవని వదలకు బావగారూ’ అని కూడా అన్నాను. నవ్వాడు. మరి ఇవాళెలా వచ్చావ్?”

“మా అత్తగారి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ‘పోవే, మళ్ళీ ఈ గడప తొక్కకు’ అని ఏడుస్తూ తీసింది.”

“ష్! ఆ బూట్ల చప్పుడు వాడిదే.”

“భయమేస్తోంది సార్. వెనక దారేమైనా ఉందా?”

“లేదు. ఇలా లోపలికి రా. బీరువాల వెనక కూర్చో. కిటికీ మూసి, తలుపుకి బయటినుంచి తాళం వేస్తాను.”

“మళ్ళీ తాళమా సార్?”

“కాసేపే తల్లీ. జడ్జిగారు భోజనం చేసి బెంచెక్కగానే నేనే తీసుకెళ్ళి ఆవిడ ముందు నిలబెడతా. కిక్కురుమనకు.”

“ఏం గుమాస్తాగారూ, అప్పుడే దుకాణం కట్టేశారా? మా ఆవిడేమైనా ఇటొచ్చిందా?”

“మీ ఆవిడా? ఎప్పుడైనా చూపించావా బావగారూ, నేను గుర్తుపట్టడానికి?”

“లోపల ఎవరో ఉన్నట్టుందే.”

“ఎవరూ లేరు. కావాలంటే రాసుకో బావగారూ... తాళం వేసి ఉంది.”