ఎర్రరంగు పూసిన యూనిట్

1991 జూలై 8న మన కరీంనగర్ వర్క్‌షాప్‌లో సహాయకులుగా చేరిన అజీముద్దీన్ గారు, బ్రేకుల విభాగం ఫోర్‌మన్‌గా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

బండి తిరిగే తీరును పసిగట్టి, మలుపులో జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్ యూనిట్లు మన దగ్గరికి వచ్చేనాటికి ఆయనకు నలభై దాటాయి. అయినా శిక్షణకు వెళ్లి, తిరిగొచ్చి అందరికీ నేర్పారు. బ్యాటరీ తీగ విప్పనిదే యూనిట్ ప్లగ్గు ముట్టనిచ్చేవారు కారు. విప్పిన గొట్టాల మూతులకు, అత్తరు డబ్బాలో దాచుకున్న చిన్న టోపీలు తొడిగేవారు. నేలపడ్డ యూనిట్ మళ్లీ బండి ఎక్కకుండా వెంటనే దానికి ఎర్రరంగు పూయాలన్నది ఆయన పెట్టిన నియమం.

మొన్న మే నెలలో ఆయన చేతిలోంచే ఒకటి జారి పడింది.

అది మన కౌంటర్‌లో పనిచేసే స్తుతి వాళ్ల కారుది. తెల్లవారితే ఇచ్చోడ చర్చిలో ఫిలిప్‌తో ఆమె పెండ్లి. యూనిట్ దగ్గర బ్రేకు గొట్టం కారుతోందని తెచ్చిన బండి కోసం చేతుల గోరింటాకుతో ఎదురుచూస్తున్న స్తుతి, ఆ చప్పుడుకు కొయ్యబారిపోయింది.

మెకానిక్ సాల్మన్ యూనిట్‌ను తిప్పి చూశాడు. "చాచా, గీత గూడ పడలే. ఎవ్వలు చూడలే. పెట్టేద్దాం."

"నేను చూసిన గద!" అంటూ అజీముద్దీన్ గారు రంగు డబ్బా మూత తీశారు.

"చాచా, రేపు నా పెండ్లి! కొత్తది ఎల్లుండి గాని రాదట!"

"గందుకే ఇయ్య బిడ్డా. ఫికర్ చెయ్యకు, నేను దింపుత."

మరునాడు బంతిపూల దండలు కట్టిన మన బ్రేక్‌డౌన్ వ్యాన్‌ను ఆయనే నడిపారు. చర్చి ముందు ఆగిన వ్యాన్‌ను చూసి కాబోయే అత్తగారు ఎలీసబెతు గాభరాపడ్డారు. "అయ్యో, ఎవ్వల బండి ఖరాబైంది?" తలుపు తెరుచుకుని పట్టుచీరలో పెండ్లికూతురు దిగింది! గ్రీజు వాసన అంటిన ఆ పూలరేకు ఒకటి స్తుతి ఇంకా దాచుకుంది.

వారం తర్వాత, కుతూహలం ఆపుకోలేని సాల్మన్ ఆ ఎర్ర యూనిట్‌ను బల్లమీద కదలకుండా బిగించి, కరెంటు ఇచ్చి స్కానర్‌కు కలిపాడు. పది నిమిషాలు అంతా సరిగ్గానే ఉంది. వేడెక్కాక, బల్లమీది యూనిట్ తాను ఎడమకు తిరుగుతున్నట్టు చూపసాగింది. అప్పటికి పనిలోకి తిరిగొచ్చిన స్తుతికి, ఇచ్చోడ దారిలో నిర్మల్ దాటాక వచ్చే ఘాట్ మలుపులు గుర్తొచ్చాయి. తిన్నగా పోయే బండికి ఒకపక్క చక్రం బ్రేకు దానంతటదే పడితే! దాన్నే పెట్టేసి ఉంటే, పెండ్లినాడు ఆ కారులో అవ్వ, బాపు, తాను ఉండేవారు.

"ఏమంటవ్ సాల్మన్?" అని మాత్రం అడిగారు అజీముద్దీన్ గారు.

ఇప్పుడు ఆ రంగు డబ్బా సాల్మన్ బల్లమీదే ఉంది.

అజీముద్దీన్ గారు భార్య ఖుర్షీద్ గారిని వెంటబెట్టుకుని ఇచ్చోడలోని తన అత్తవారింటికి తరచూ రావాలని, ఈసారి వెనక సీటులో కూర్చుని ఘాట్ అందాలు చూడాలని స్తుతి కోరిక. ఇన్ని కుటుంబాలను క్షేమంగా ఇల్లు చేర్చిన ఆ చేతులు ఆరోగ్యంగా, నిండు నూరేళ్లు హాయిగా ఉండాలని మనందరి ఆకాంక్ష.