ఎర్మిలో అన్నయ్య అడిగిన రాళ్ళు

పాద్రిగారికి, పెద్దలకు, బురదలో నడిచి వచ్చిన మీ అందరికీ దండం. నేను ఎర్మిలో తున్ చెల్లెల్ని. గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. కాస్త దగ్గరికి జరగండి.

అన్నయ్య కోసం తొమ్మిది రోజుల ప్రార్థనలు ఇవాళ్టితో ముగిశాయి. ఏడవడమూ ముగిసింది. అలసటే మిగిలింది.

అన్నయ్య ష్కన్‌హా పాత నగరానికి కాపలాదారు. మన పూర్వీకులు కట్టిన నగరం అది. వానలు తప్పి వాళ్ళు వెళ్ళిపోయాక అక్కడి చెక్కుడు రాళ్ళు మన ఇళ్ళకు వచ్చాయి. ఎవరింట్లో లేవు చెప్పండి? గడపలో, పొయ్యి కింద, పందుల దొడ్డి గోడలో. వాన దేవుడు చాక్ ముఖాలున్న మేడకు ఆ రాళ్ళే తొడుగు. లోపలంతా సున్నం, గులకరాళ్ళు. తొడుగు పోతే నీళ్ళు దిగవా? నానిన గోడ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అన్నయ్య అదే చెబుతూ ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కొక్క రాయీ అడిగాడు. ఇచ్చినవాళ్ళ గోడకు తనే కొత్త రాయి పెట్టి, సున్నం పూసి వచ్చేవాడు. మొదట పీకింది మా గడపే. ఆ వానాకాలమంతా మా అమ్మ తిట్టుకుంటూనే గడప లేని ఇంట్లోకి వచ్చింది.

కాసియానో బాబాయ్, నీ దొడ్డి గోడలోని చాక్ ముక్కు రాయి అడిగితే నువ్వేమన్నావు? "దేవుడి ముక్కు మా పందుల దగ్గర సుఖంగానే ఉందిలేరా, నీ ముక్కు సంగతి చూసుకో" అన్నావు. అన్నయ్య నవ్వి, నీ పందులకు మేత వేసి వచ్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి అడిగాడు.

ఈ చర్చి మెట్లూ అక్కడి రాళ్ళే. వాటిని మాత్రం ఏనాడూ అడగలేదు. ఎందుకని అడిగితే, "అక్కడా మొక్కులు విన్నాయి, ఇక్కడా వింటున్నాయి. వాటి పని అవి చేసుకుంటున్నాయి కదమ్మా" అన్నాడు.

మొన్నటి వానలో మేడ మూల జారింది. దానికి కర్రలు ఊతంగా పెడుతూ దాని కిందే పోయాడు.

అప్పట్నుంచి మా వాకిట్లో రాళ్ళు పోగవుతున్నాయి. చెప్పకుండా పెట్టి పోతున్నారు. పాత నగరాన్ని కంటికి కనబడకుండా కాచే దేవతలు, ఆ రాళ్ళ యజమానులు, కోపంతో అన్నయ్యను తీసుకుపోయారని మీ భయం. నాకు తెలుసు. ఆ భయంతోనే ఆ మూల దగ్గరికి ఒక్క మేస్త్రీ కూడా రావడం లేదు. రెండో వాన వస్తే మేడంతా పోతుంది. అయ్యా, ఆయన్ని చంపింది కోపం కాదు, నానిన గోడ. ఇన్నేళ్ళు ఆయన అడిగింది ఆ గోడ కోసమే.

రేపు పొద్దున ఆ రాళ్ళను బండిలో వేయిస్తాను. పని మొదలుపెట్టే ముందు యజమానులకు పోసే మొక్కజొన్న జావ మగవాళ్ళే పోయాలంటారు. ఎవరూ రాకపోతే నేనే పోస్తాను. పాద్రిగారు ఏమీ అనుకోవద్దు, ముందు జపమాల చెప్పుకునే వెళ్తాను. వచ్చేవాళ్ళు రండి. బాబాయ్, నిన్ను ప్రత్యేకంగా పిలవను. నీకు తాపీ పట్టడం వచ్చు.

ఇక లేచి నిలబడండి. ఈ కాసేపు ఎవరూ ఏమీ అడగకండి, దేవుణ్ణి కూడా. అన్నయ్య మన గుమ్మాల ముందు నిలబడి చాలా అడిగాడు. ఇప్పుడు ఆయన కోసం మనం ఊరికే నిలబడదాం.