నాలుగో అంతస్తు విందు

నిన్న సాయంత్రం తలుపు గంట మూడుసార్లు మోగినా కత్తెర తలుపు తీయలేదు. లైటార్పేసి, మాడిన సూపు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. వంటంటే నాదే అని, భోజనానికి పిలిచిన అతని దగ్గర నెల్లాళ్ళు కోసిన కోతలన్నీ ఆ గిన్నె అడుగున అంటుకుపోయాయి. ఈ సంగతి ఎవరికైనా చెప్పడం అటుంచి, తనలో తాను కూడా పైకి అనుకోలేదు.

తెల్లారి తను పనిచేసే టైలరు షాపులో టీ గ్లాసులు రాగానే మాత్రం నోరు ఊరుకోలేదు. కోతలు కోసే ఆ నోటివల్లే ఆమెకి కత్తెరని పేరు.

"ఏమే కత్తెరా, నీ లిఫ్టు మెకానిక్ భోజనానికొచ్చాడా?" అంది బొత్తాలక్క, దారం కొరుకుతూ.

"రాకేం అక్కా! ఏదో నా చేతనైన వంట, ఓ సూపు, ఓ కేకు. ముందు బంగాళాదుంప చెక్కు తీశానా, తెగదే! ఒకటే చెక్కు, కిటికీలోంచి జారి, నాలుగంతస్తులూ దిగి, రోడ్డు దాటుతోంది. టేపు పెట్టి కొలిచా, పద్దెనిమిది మీటర్లు."

"ఒక్క దుంపకే?" కళ్ళజోడు మీంచి చూశాడు మాస్టరు.

"అదీ చిన్న దుంప, మాస్టారూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూపు మూత తీశానో లేదో, ఆ ఘుమఘుమకి పక్కింటి మామ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది."

"ఆవిడ పోయి ఏడాదైందన్నావు కదే!"

"నేనూ అదేగా అంటున్నా అక్కా, అంతటి వాసన! ఇక కేకు. పొంగింది పొంగింది, వంటగది దాటి, తలుపు తోసుకుని, మెట్లు దిగడం మొదలెట్టింది. ఎవరో ఫైరింజనుకి ఫోన్ చేశారు. పన్నెండుమంది నిచ్చెనెక్కి తలా ఓ ముక్క నోట్లో వేసుకున్నారు. అంతే, గొట్టాలు పడేసి పళ్ళేలు పట్టుకున్నారు! వీధి వీధంతా తింది, కుక్కలు కూడా తిని తోకలూపే ఓపిక లేక పడుకున్నాయి..."

మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఇస్త్రీ బాబాయి ఒక్కడే నవ్వలేదు. పెట్టె పక్కన నిలబెట్టి అడిగాడు.

"మామ్మ తింది, ఫైరింజనువాళ్ళు తిన్నారు, కుక్కలూ తిన్నాయి. ఇంతకీ అతనేం తిన్నాడమ్మా?"

కత్తెర వేళ్ళ మీద లెక్క చూసుకుంది. అంత కథలో అతనికో ముద్ద తీసిపెట్టడం మర్చిపోయింది. పొద్దున తలుపు గడియకి వేలాడుతూ కనిపించిన సంచి గుర్తొచ్చింది. అందులో, తను అతన్ని తెమ్మన్న నాలుగు నిమ్మకాయలు.

"ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నా, మాడు వాసన నాకు తెలీదా? నీ జడలో ఉంది," అన్నాడు బాబాయి మెల్లగా. "నా చేతిలో చొక్కాలు మాడలేదనుకున్నావా? దాచేస్తే చొక్కా ఇచ్చిన మనిషి మళ్ళీ మన గడప తొక్కడు. చేతిలో పెట్టి, మాడిందయ్యా అంటే తిడతాడు. తిట్టి, మళ్ళీ వస్తాడు."

కత్తెర టీ గ్లాసు కింద పెట్టి ఫోన్ తీసింది.

"ఏం చెప్తావే?" అంది బొత్తాలక్క.

"సూపు మాడిందని. నిన్న నేను ఇంట్లోనే ఉన్నానని." మెట్లదాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది. "కేకు మాత్రం నిజంగానే పొంగిందక్కా. ఒక అంగుళం. టేపు పెట్టి కొలిచా."