గోనెసంచిలో చేప కంపు

"ఇదిగో నీ చొక్కా! లాక్కోకు. దీన్నెలా బాగుచేశానో విన్నాక తొడుక్కో."

లాండ్రీ బావ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, టీకొట్టు పొయ్యి పక్కనున్న బల్ల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. చేపల లారీ డ్రైవరు ఉసూరుమన్నాడు. కూతురు పుట్టి వారమవుతోంది. "ఆ కంపుతో పసిపిల్ల దగ్గరికొస్తే ఊరుకోను" అని అత్తగారు గుమ్మంలోనే ఆపేసింది. ఇంతవరకూ పిల్లని ఎత్తుకోనేలేదు.

"నీకు దణ్ణం పెడతా బావా, ఇచ్చెయ్యి."

"ఉండవయ్యా! ముందు వెనిగర్ నీళ్ళలో నానేశా. అది ఎవరైనా చేస్తారు. తర్వాత వంటసోడా పట్టించి, ఉతికి, తిరగేసి ఎండలో ఆరేశా. మామూలు చొక్కా అయితే అక్కడితో సరి. నీది పదేళ్ళు చేపలు మోసిన చొక్కా! కంపు చొక్కాలోంచి బయటికైతే వచ్చింది గానీ, పోదే! కొట్లో ఓ మూలకెళ్ళి నిలబడింది."

"కంపు నిలబడిందా?" అన్నాడు టీకొట్టతను పాలు కలుపుతూ.

"ఒట్టు! నా అంత ఎత్తుంది. గోనెసంచి తెచ్చి మీద కప్పేసి, మూతి బిగించి కట్టేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని భుజానేసుకుని వీధిలోకి రాగానే ఊళ్ళో పిల్లులన్నీ నా వెనకే! ముసలివి, కుంటివి, నిన్నగాక మొన్న కళ్ళు తెరిచిన కూనలతో సహా. ట్రాఫిక్ పోలీసు ఊరేగింపనుకుని బళ్ళన్నీ ఆపేశాడు."

"మరి మాకెవరికీ కనపళ్ళేదే?"

"మీరు నిద్రపోతుంటారు. మధ్యలో అడ్డు రాకు, చెప్పేది మర్చిపోతా. సంచి తీసుకెళ్ళి ఏట్లో విసిరేశా. ఇంకేముంది, చుట్టాలొచ్చారనుకుని చేపలన్నీ ఒడ్డుకొచ్చేశాయి! ఒక పెద్ద చేపైతే సంచిని కావలించుకుని భోరుమంది. నాకూ ఏడుపాగలేదు, నా గుండె అసలే మెత్తన."

డ్రైవరుకి నవ్వాగలేదు. "తర్వాత?" అన్నాడు, తన తొందర మర్చిపోయి.

"అసలు కథ ఇప్పుడే! వెనిగరూ సోడా అంటిన నా చేతులు కడిగిన నీళ్ళు కాలవలో పడి ఊరంతా పాకాయి. చెప్పుల్లో కంపు పోయింది, తడి గోడల బూజు కంపు పోయింది, బానే ఉంది. కానీ మంచి వాసనలూ పోయాయే! సెంటుకొట్టాయన సీసా మూత తీసి మూర్ఛపోయాడు. పోలీసుకుక్క దారి తప్పి, పారిపోతున్న దొంగనే దారి అడిగింది! ఊరు ఊరంతా నా కాళ్ళ మీద పడితే, ఇంటింటికీ తిరిగి ఎవరి వాసన వాళ్ళకి నేనే పంచిపెట్టా. ఏది ఎవరిదో ఎలా తెలిసిందంటావా? ఇదిగో, ఈ ముక్కు! ఏడు వీధుల అవతల ఎవరింట్లో సబ్బు అరిగిపోయిందో ఇక్కణ్ణుంచే చెప్పేస్తా!"

టీకొట్టతను ముక్కు మూసుకున్నాడు. డ్రైవరుకి దగ్గొచ్చింది.

"బావా, ఆ ముక్కుతో ఓసారి నీ తువ్వాలు వాసన చూసుకో. కొస పొయ్యిలో పడి ఇందాకట్నుంచీ మాడుతోంది. వీధి చివర్నుంచి జనం తొంగిచూస్తున్నారు" అన్నాడు టీకొట్టతను.

బావ ఎగిరి గంతేసి తువ్వాలు తీసుకెళ్ళి బక్కెట్లో ముంచాడు.

"అబ్బే, కాస్త జలుబు..."

"పెళ్ళైనప్పట్నుంచీ జలుబేగా నీకు! అక్క వాసన చూసి సరేనంటే తప్ప మీ కొట్లోంచి ఒక్క గుడ్డ బయటికి రాదని ఎవరికి తెలీదు?"

"మరి దీన్ని అక్క చూసిందా?" అంటూ డ్రైవరు పొట్లం లాక్కుని విప్పాడు. చొక్కా ముక్కు దాకా తెచ్చి ఆగిపోయాడు. ఇన్నేళ్ళు చేపల మధ్య తిరిగిన తన ముక్కు మీద తనకే నమ్మకం లేదు. టీకొట్టతని చేతికిచ్చాడు.

అతను గుండెల నిండా పీల్చాడు. "ఎండలో ఆరిన గుడ్డ వాసన, అంతే. ఇది అక్క చేతి పనే. ఫో, పిల్లనెత్తుకో!"

డ్రైవరు చొక్కా తొడుక్కుని, గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగందుకున్నాడు.

"మీ అత్తగారడిగితే బాగుచేసింది నేనని చెప్పు!" అని అరిచాడు బావ.

"అక్క అని చెప్తాలే బావా!" అన్న కేక సందు మలుపులోంచి వినిపించింది.